మండల విలేకరి మీద దాడి: సొంత కథనం ఎప్పుడు రాయాలె? రాజీ మాట ఎంతవరకు నిలుస్తది?

డిండివాగు
మా పక్క మండలంల ఒక కంట్రిబ్యూటర్ (మండల విలేకరి) మీద దాడి అయింది. ఇసుక ట్రాక్టర్ల మీద వార్త వచ్చిన కొన్ని రోజులకే రాత్రిపూట బండి ఆపి ఇనుప రాడ్డుతోని కొట్టిండ్రు. నలుగురు వచ్చిండ్రు, అండ్ల ఇద్దరిని పోల్చుకున్నడు. తలకు కుట్లు పడ్డయి, ఎడమ ముంజేయి విరిగింది, ఫోను పగిలింది. ఎఫ్‌ఐఆర్ అయితే అయింది గని బీఎన్‌ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 126(2) అడ్డగించుడు, 115(2) మామూలు గాయం, 351(2) బెదిరింపు సెక్షన్లతోనే సరిపెట్టిండ్రు.

అడిగేవి రెండు. జరిగిందంతా తానే రాసి పేపర్ల, ఫేస్‌బుక్కుల పెడ్తనంటుండు, పెట్టొచ్చా? ఇంకోటి, ఊరి పెద్దమనుషులు "శాంతిగ పోదాం" అని బాండు పేపరు మీద రాజీ రాసుకుందామంటుండ్రు. అది చెల్లుతదా? ఊరి పేరు, మనుషుల పేర్లు అడగకుండ్రి.

మిర్యాలగూడ వకీల్
ముందు సెక్షన్ల సంగతి చూడాలి. రాజీ కుదురుతుందా లేదా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది.

115(2) అంటే మామూలు గాయం. ఎముక విరిగినా, పన్ను ఊడినా అది బీఎన్‌ఎస్ 116 ప్రకారం తీవ్ర గాయమే. పాత ఐపీసీలో 20 రోజులు పని చేసుకోలేకపోతే తీవ్ర గాయం అనేవారు, ఇప్పుడు 15 రోజులు చాలు. ఆయనకు ఎముకే విరిగింది కాబట్టి రోజుల లెక్క అవసరం లేదు. రాడ్డుతో కొట్టారు కాబట్టి 118(2) పడాలి. దానికి కనీసం ఏడాది, గరిష్ఠంగా యావజ్జీవం. చంపుతామని బెదిరించి ఉంటే 351(2) కాదు, 351(3). ఫోను పగలగొట్టి అక్కడే పడేస్తే 324, అంటే ఆస్తి నష్టం. లాక్కొని పోయి ఉంటే కథ మారిపోతుంది, అది 309 కిందికి, అంటే దోపిడీలోకి వస్తుంది. ఈ తేడా ఫిర్యాదులో స్పష్టంగా లేకపోతే ఇప్పుడైనా వాంగ్మూలంలో చెప్పాలి.

మనుషులు నలుగురే అంటున్నారు. చట్టవిరుద్ధ సమూహం కావాలంటే ఐదుగురు ఉండాలి కాబట్టి ఇక్కడ 189, 191 నిలవవు. ఉమ్మడి ఉద్దేశం కింద 3(5) కలపమని అడగాలి. ఐదో మనిషి ఉన్నాడని ఎవరో చెప్తే కేసు గట్టి పడుతుందని రాయించొద్దు, క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొత్తం కూలుతుంది.

సెక్షన్లు మార్చడానికి కొత్త ఎఫ్‌ఐఆర్ అక్కరలేదు. ఎక్స్‌రే రిపోర్టు, వూండ్ సర్టిఫికెట్ (డాక్టరు రాసే గాయాల పత్రం) జతచేసి ఎస్‌హెచ్‌వోకు (స్టేషన్ ఇన్‌చార్జికి) అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఆయన కోర్టులో ఆల్టరేషన్ మెమో (సెక్షన్ల మార్పు కాగితం) వేయాలి. వేయకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టు పంపండి. అక్కడా కదలిక లేకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 175(3) కింద మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్, దానితో అఫిడవిట్ తప్పనిసరి.

ఎమర్జెన్సీ డ్యూటీ
వకీలు గారు అన్న వూండ్ సర్టిఫికెట్ దగ్గరే చాలా కేసులు చెడిపోతాయి. ఎక్కడ చెడిపోతాయో చెప్తా.

తల చర్మం కింద వెంటనే ఎముక ఉంటుంది. రాడ్డో కర్రో తగిలితే చర్మం చీలి, అంచులు కత్తితో కోసినట్టే కనబడతాయి. హడావిడిలో డ్యూటీ డాక్టరు "కోత గాయం" అని రాస్తే, ఫిర్యాదులో రాడ్డు, సర్టిఫికెట్‌లో కత్తి అయిపోతుంది. లెన్సుతో చూస్తే అంచులు కమిలి ఉంటాయి, వెంట్రుకల కుదుళ్లు నలిగి ఉంటాయి. కుట్లు పడ్డాక అవేవీ కనబడవు. అందుకే మొదట చూసిన కేస్‌షీటులో ఏం రాశారో చూడమనండి. తేడా ఉంటే అదే డాక్టరుకు పోలీసుల ద్వారా రాతపూర్వకంగా అడిగించి అభిప్రాయం తీసుకోవాలి. సర్టిఫికెట్ మీద కొట్టివేతలు, దిద్దుబాట్లు చేయించొద్దు.

ముంజేతిలో విరిగింది ఏ ఎముక? చిటికెన వేలు వైపు ఉండే అల్నా ఒక్కటే మధ్యలో విరిగి ఉంటే, తలకు అడ్డంగా చెయ్యి పెట్టినప్పుడు దెబ్బ తగిలిందని అర్థం. కింద పడితే సాధారణంగా మణికట్టు దగ్గర విరుగుతుంది. "బండి మీద నుంచి పడ్డాడు" అన్న వాదనకు ఆ ఎక్స్‌రే ఫిల్మే జవాబు. ఫిల్మ్ ఒరిజినల్ పోలీసుల దగ్గరికి పోతే నంబరు, తేదీ కనబడేట్టు ఫొటో ఉంచుకోవాలి.

కమిలిన చోట్లకు రోజూ ఫొటోలు తీయండి. మొదట ఎర్రగా, ఒకటి రెండు రోజులకు నీలంగా, వారం దగ్గరపడే సరికి ఆకుపచ్చగా, ఆ తర్వాత పసుపుగా మారుతుంది. ఒక ఫొటోలో ముఖం కూడా పడాలి, తర్వాతి దాంట్లో గాయం పక్కన స్కేలు పెట్టాలి.

ఇంకొక మాట, ఇది కేసు కోసం కాదు. తలకు దెబ్బ తగిలిన వాళ్లకు మొదటి 24 గంటలు గడిచాయని నిశ్చింతగా ఉండొద్దు. తలనొప్పి రోజురోజుకీ పెరుగుతున్నా, వాంతులు వచ్చినా, మాట తడబడినా, ఒక పక్క చెయ్యీ కాలూ బలహీనపడినా వెంటనే సీటీ తీయించాలి. మెల్లగా కారే రక్తం కొన్ని వారాల తర్వాత కూడా బయటపడవచ్చు. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో ఎక్కడైనా సరే, పాత కేస్‌షీటు వెంట తీసుకెళ్లాలి.

పాలమూరు డెస్క్
కథనం ప్రశ్నకు వస్తా. రాయాలె, కానీ వరుస తప్పొద్దు. ముందు పోలీసులకు వాంగ్మూలం, వీలైతే మేజిస్ట్రేట్ ముందు బీఎన్‌ఎస్‌ఎస్ 183 వాంగ్మూలం, ఆ తర్వాత పేపరు. ఫేస్‌బుక్ అన్నింటికంటె చివర.

ఎందుకంటె ఆయన ఇప్పుడు రిపోర్టరు కాదు, మొదటి సాక్షి. రిపోర్టరుగా అలవాటైన చెయ్యి ఖాళీలు పూరిస్తది. ఇంట్రో పట్టుగా ఉండాలని "నలుగురూ ఒక్కసారిగా మీద పడ్డారు" అని రాస్తడు. నిజానికి ఒకడు బండి తాళం లాగిండు, ఒకడు కొట్టిండు, ఇద్దరు రోడ్డు మీద నిలబడ్డరు. వార్తకు అది చిన్న తేడానే, కోర్టుల మాత్రం అదే కొంప ముంచుతది.

మిర్యాలగూడ వకీల్
డెస్క్ అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. అచ్చయిన కథనం చట్టం దృష్టిలో ఆయన రాతపూర్వకంగా ఇచ్చిన పాత ప్రకటన. భారతీయ సాక్ష్య అధినియం 148 కింద అవతలి వకీలు దాన్ని చేతికిచ్చి "ఇది మీరు రాసిందేనా?" అని మొదలుపెడతాడు. పోలీసు వాంగ్మూలంలో "ఇద్దరు కొట్టారు", పేపర్లో "నలుగురు కొట్టారు" అని ఉంటే చాలు, ఆ వైరుధ్యాన్ని రికార్డుకెక్కిస్తాడు.

రెండో ప్రమాదం ఇంకా పెద్దది. గుర్తుపట్టని ఇద్దరికి బీఎన్‌ఎస్‌ఎస్ 54 కింద గుర్తింపు పరేడ్ జరగాలి. ఈ లోపల "వీళ్లేనా?" అంటూ వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు తిరిగితే, ఆయన కూడా చూస్తే, పరేడ్‌కు విలువ పోతుంది. "ముందే ఫొటో చూసి గుర్తుపట్టాడు" అన్న ఒక్క వాదన చాలు. ఫొటో పంపినవాళ్లు మేలు చేస్తున్నామనుకుంటారు. ఆ గ్రూపుల్లోంచి ఆయన్ను కొన్నాళ్లు బయటికి రమ్మనండి.

కోయిల్‌సాగర్
అందరు వకీళ్లయిపోయిండ్రు గని, ఒక్క సంగతి మర్చిపోతుండ్రు. మండల విలేకరి కేసు వార్త రాకుంటె పదిహేను రోజులల్ల చల్లారిపోతది. తీవ్ర గాయం అయినా చిన్న సెక్షన్లు పెట్టిండ్రంటేనే తెలుస్తలేదా ఒత్తిడి ఎటు నుంచి ఉన్నదో? మీరు మేజిస్ట్రేట్ వాంగ్మూలం దాకా ఆగుమంటే, అది ఎప్పుడు రికార్డ్ అయితదో ఎవరికి తెలుసు? అప్పటిదాక ఊళ్లె కథ వేరే తయారైతది. "తాగి పడ్డడు", "పైసలడిగిండు" అని.

పాలమూరు డెస్క్
@కోయిల్‌సాగర్ మౌనంగుండుమని ఎవరనలేదన్నా. బాధితుడి సొంత కథనం వేరు, దాడి మీద వార్త వేరు. వార్త పేపరు రాయాలె, ఆయన బైలైన్ (రాసినోడి పేరు) లేకుండ, జిల్లా బ్యూరో పేరు మీద. ఎఫ్‌ఐఆర్ నంబరు, సెక్షన్లు, ఎక్స్‌రేల ఎముక విరిగినట్టు ఉన్నా చిన్న సెక్షనే ఎందుకు పెట్టిండ్రని డీఎస్పీని అడిగిన ప్రశ్న, ఆయన జవాబు. ఇవన్నీ రికార్డుల ఉన్నవే. ఇవాళే రాయొచ్చు, కేసుకు ఏ నష్టం లేదు, ఒత్తిడి కూడా పోలీసుల మీద పడ్తది.

ఇసుక వార్త ఫాలోఅప్ కూడా ఆపొద్దు. దాడి చేసినోళ్లకు కావాల్సింది అదే, ఆ వార్త ఆగిపోవుడు. వే బిల్లుల (ఇసుక రవాణా పర్మిట్ల) కాపీలు ఆర్టీఐ కింద వేరే మండలం వాళ్లతోని అడిగించండి, 30 రోజులల్ల జవాబు రావాలె. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం తహసీల్దారు ఎన్ని ట్రాక్టర్లు పట్టుకున్నడు, ఎంత జరిమానా వేసిండు అనేది కూడా. రెండు మూడు పత్రికలల్ల ఒకటే రోజు వస్తే ఒక్క మనిషిని పట్టుకొని కొట్టే వీలుండదు.

ఇగ సొంత కథనం ఎట్ల రాయాలె అంటే, ముందు మూడు కాగితాలు తీసుకోమను. ఒకదాని మీద కంటితో చూసింది, ఒకదాని మీద చెవితో విన్నది, మూడోదాని మీద తర్వాత ఇతరులు చెప్పింది. స్పృహ తప్పినంక ఎవరు 108కి ఫోన్ చేసిండ్రు, ఎట్ల తీస్కపోయిండ్రు, ఇవన్నీ మూడో కాగితమే. కథనంల కూడ "తర్వాత తెలిసింది" అనే రాయాలె.

ఇట్ల రాయొద్దు: "ఇసుక మాఫియా గూండాలు నన్ను చంపడానికి పథకం వేసి రాడ్లతో విరుచుకుపడ్డారు."

ఇట్ల రాయాలె: "నంబరు ప్లేటుకు మట్టి పూసిన బైకు అడ్డం వచ్చింది. వెనక కూర్చున్నవాడు దిగి బండి తాళం తీసుకున్నాడు. 'మల్ల రాస్తవా' అని ఒకసారి వినబడింది. మొదటి దెబ్బ చేతి మీద పడింది. రెండోది తల మీద. ఆ తర్వాత ఏం జరిగిందో గుర్తు లేదు."

రెండోదాంట్ల ఒక్క విశేషణం లేదు. పథకం ఉందా లేదా అనేది చదివినోడికే తెలుస్తది. నాకు మాత్రం రెండోదే ఎక్కువ భయం పుట్టిస్తది.

ఎమర్జెన్సీ డ్యూటీ
"గుర్తు లేదు" అన్న మాటను దాచొద్దు. తలకు దెబ్బ తగిలినవాళ్లకు దెబ్బకు ముందు కొన్ని నిమిషాలు, తర్వాత కొన్ని గంటలు గుర్తుండకపోవడం వైద్యపరంగా మామూలే. పది మంది చెప్పింది వినీ వినీ అదే తన జ్ఞాపకం అనుకోవడం కూడా మామూలే. అందుకే జనం పరామర్శకు వచ్చి కథ కట్టకముందే నోట్సు రాసుకోవాలి. ప్రతి నోట్సు మీద తేదీ, సమయం వేసుకోవాలి.

నిద్ర పట్టకపోవడం, బైకు చప్పుడుకు ఉలిక్కిపడటం నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యుడికి చూపించాలి. టెలి మానస్ 14416కు తెలుగులో మాట్లాడవచ్చు. ఆ చికిత్స కాగితాలు దాచుకోవడానికి సిగ్గుపడొద్దు, పరిహారం అడిగేటప్పుడు అవీ పనికొస్తాయి.

డీవీఆర్ మెకానిక్
సీసీ కెమెరా సంగతి ఎవరూ ఎత్తలేదు. షాపులల్ల ఉండే డీవీఆర్ (కెమెరా రికార్డర్) హార్డ్‌డిస్కు నిండంగనే పాతదాని మీద కొత్తది రాసుకుంటది. కెమెరాల సంఖ్య, డిస్కు సైజును బట్టి వారానికే పోవచ్చు, నెల కూడా ఉండొచ్చు. కాబట్టి ఇయ్యాలనే పోవాలె.

పోయినంక మొదలు చేసే పని: డీవీఆర్ స్క్రీన్ మీది గడియారం, పక్కకు మీ ఫోన్ గడియారం, రెండూ ఒక్క ఫొటోల రావాలె. ఎక్కువ డీవీఆర్‌లల్ల టైం తప్పుంటది. కరెంటు పోయి వచ్చినంక కొన్నిట్ల తేదీ మొదటికి పోతది. తేడా ఎంతో ఆ ఫొటో చెప్తది, లేకుంటె "ఫుటేజి టైం, ఘటన టైం కలుస్తలేవు" అంటరు.

స్క్రీన్‌ను ఫోన్‌తోని వీడియో తీసి సరే అనుకుంటరు చాలామంది. అది చూడనీకే పనికొస్తది, కోర్టుకు కాదు. డీవీఆర్‌ల ఎక్స్‌పోర్ట్ ఆప్షన్ నుంచి అసలు ఫైల్ పెన్‌డ్రైవ్‌ల తీయాలె, దానితోని వచ్చే ప్లేయర్ సాఫ్ట్‌వేర్ కూడా కాపీ చేయాలె. ఫైల్ పేరు మార్చినా పర్వాలేదు గని, వేరే ఫార్మాట్లకు మార్చొద్దు, వాట్సాప్‌ల పంపొద్దు. వాట్సాప్ సైజు తగ్గిస్తది, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడు) మారిపోతది. దాడి జరిగిన చోటు ఒక్కటే కాదు, అటు ఇటు పెట్రోల్ బంకులు, వైన్స్, టోల్ దగ్గర కూడ అడగండి. బైకు ఏ దిక్కు నుంచి వచ్చిందో అక్కడనే దొరుకుతది.

షాపాయన భయపడి ఇయ్యనంటె పంచాయితీ పెట్టుకోకుండ్రి. ఫలానా షాపుల కెమెరా ఉన్నది, ఫుటేజి భద్రపరచమని నోటీసియ్యండి అని ఎస్‌హెచ్‌వోకు రాసియ్యండి. తర్వాత ఫుటేజి మాయమైనా ఆ అర్జీ మీ చేతిల ఉంటది.

మిర్యాలగూడ వకీల్
బాగా చెప్పారు. ఆ ఫైలుకు సాక్ష్య అధినియం 63(4) సర్టిఫికెట్ కావాలి. దానిలో రెండు భాగాలు: పార్ట్ ఏ పరికరం ఎవరి చేతిలో ఉందో వాళ్లు, అంటే ఇక్కడ షాపు యజమాని ఇవ్వాలి. పార్ట్ బీ నిపుణుడు ఇవ్వాలి. హ్యాష్ విలువ, ఏ పద్ధతిలో తీశారో రాయాలి.

పగిలిన ఫోను గురించి కూడా. దాన్ని రిపేరుకు ఇయ్యొద్దు. పోలీసులు స్వాధీనం చేసుకుంటే పంచనామా కాపీ, బీఎన్‌ఎస్‌ఎస్ 105 కింద వీడియో తీశారా లేదా అడగండి. అందులో సోర్సుల నంబర్లు ఉంటాయి కదా అని డెస్క్ వాళ్లు అడుగుతారు. ప్రెస్ కౌన్సిల్ చట్టం 15(2)లో సోర్సు చెప్పమని బలవంతం చేయకూడదని ఉంది, కానీ అది కౌన్సిల్ ముందు జరిగే విచారణకే. దర్యాప్తు అధికారి ముందు అది అడ్డుపెట్టుకునే గొడుగు కాదు. అందుకే ఘటనకు సంబంధించిన కాల్స్, బెదిరింపు మెసేజీలు ఏ తేదీల మధ్యవో రాసిచ్చి, పరిశీలన ఆ మేరకే ఉండాలని అర్జీలో కోరాలి. సొంత కథనంలో కూడా సోర్సు ఆనవాలు తెలిపే ఒక్క వాక్యం ఉండకూడదు. ఈసారి దెబ్బలు తినేది ఆ ట్రాక్టర్ డ్రైవరో, రెవెన్యూ సిబ్బందో అవుతారు.

రక్తపు బట్టలు ఉతక్కుండా నీడలో ఆరబెట్టి కాగితపు కవరులో పెట్టండి. పాలిథిన్‌లో పెడితే చెమ్మకు కుళ్లిపోతాయి.

మూసీగట్టు
ఇన్ని చెప్పిండ్రు గని రాజీ మాట ఎవరు ముట్టుకోలే. నేను రాజీ వైపు మాట్లాడ్త. ఆయన బతుకుదెరువు ఆ మండలంలనే. లైన్ అకౌంట్ (అచ్చయిన వార్తకింత అని ఇచ్చే) పైసలు, యాడ్ కమీషన్ మీద బతికే మనిషికి పేపరు రేపు "మాకు సంబంధం లేదు" అన్నా అంటది. కేసు తేలనీకి ఏండ్లు పట్టొచ్చు. దినాం అదే బస్టాండ్ల, అదే హోటల్ల ఎదురుపడాలె. పెద్దమనుషులు ముందల కూసోబెట్టి "ఇంక జరగది" అంటే అది ఉత్త మాట కాదు, పల్లెల దానికి బరువుంటది. చట్టం పుస్తకాలు పట్టుకొని శాంతికి అడ్డం పడకుండ్రి.

మిర్యాలగూడ వకీల్
@మూసీగట్టు శాంతికి అడ్డు లేదన్నా. కానీ ఆ బాండు పేపరు దేనికి పనికొస్తుందో చూడండి.

115(2) గాయపడినవాడే రాజీ చేసుకోవచ్చు. 117(2), అంటే ఆయుధం లేని తీవ్ర గాయం అయితే కోర్టు అనుమతితో. 118(2), 109 (హత్యాయత్నం) మాత్రం బీఎన్‌ఎస్‌ఎస్ 359లోని రాజీ కుదిరే నేరాల జాబితాలోనే లేవు. అంటే ఊళ్లో ఎన్ని సంతకాలు పెట్టినా కేసు పోదు. హైకోర్టు అదే చట్టం 528 కింద కొట్టివేయాలి, అదీ గాయం ఎక్కడ తగిలింది, ఏ ఆయుధం వాడారు అని చూసి. 2014 నాటి నరిందర్ సింగ్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఇప్పుడు చిన్న సెక్షన్లు ఉన్నప్పుడే రాజీకి ఎందుకు తొందరపడుతున్నారో అర్థమైంది కదా? లోక్ అదాలత్‌లో 115(2) కింద ముగించేస్తే 118(2) ఎప్పటికీ రాదు.

డబ్బు తీసుకుని ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని రాసే ఒప్పందం కాంట్రాక్టు చట్టం 23 ప్రకారం చెల్లదు. పైగా రేపు "పైసల కోసమే కేసు పెట్టాడు" అనడానికి ఆ కాగితమే అవతలివాళ్లకు సాక్ష్యం.

మరి శాంతి ఎట్లా అంటే, ఊరి మాటకు చట్టం పట్టు ఇచ్చే దారి ఒకటి ఉంది. బైండోవర్. బీఎన్‌ఎస్‌ఎస్ 126 కింద నిందితులను తహసీల్దారు ముందు హాజరుపరిచి ఏడాది వరకు శాంతి భంగం చేయబోమని బాండు రాయిస్తారు. ఉల్లంఘిస్తే బాండు సొమ్ము పోతుంది, మిగిలిన కాలం జైలూ ఉండొచ్చు. కేసు పాటికి కేసు నడుస్తుంది. ఒక జాగ్రత్త: "ఇరువర్గాలనూ" బైండోవర్ చేయడం మన దగ్గర అలవాటు. దెబ్బలు తిన్నవాడిని కూడా వర్గం చేస్తారు. నోటీసు రాగానే అభ్యంతరం రాతపూర్వకంగా వేయాలి.

నిజంగా ప్రాణభయం ఉంటే 2018 సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. జిల్లా జడ్జి అధ్యక్షుడిగా ఉన్న కమిటీ డీఎస్పీ నుంచి ముప్పు విశ్లేషణ నివేదిక తెప్పించుకుని నిర్ణయిస్తుంది. వకీలు ఖర్చు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, నంబరు 15100. పరిహారం దరఖాస్తూ అక్కడే.

నల్లమల అంచు
శాంతి మాట వచ్చింది కాబట్టి. మన జిల్లాలకు దీని పెద్ద రూపం బాగా తెలుసు. 2004 అక్టోబరు 15 నుంచి 18 దాకా హైదరాబాద్ మంజీరా గెస్ట్‌హౌస్‌ల ప్రభుత్వానికి, నక్సలైట్ పార్టీలకు చర్చలు జరిగినయి. ప్రభుత్వం వైపు పెద్ద మన నల్గొండ జానారెడ్డే, అప్పటి హోంమంత్రి. మధ్యవర్తులల్ల రిటైర్డ్ ఐఏఎస్ ఎస్.ఆర్. శంకరన్, పౌరహక్కుల వకీలు కన్నబిరాన్‌తో పాటు సంపాదకుడు పొత్తూరి వెంకటేశ్వరరావు కూడా ఉన్నరు. జర్నలిస్టు మధ్యలో నిలబడ్డ సందర్భం అది.

ఎక్కడ తెగింది? ఆయుధాలు పట్టుకొని ఊళ్లల్ల తిరగొచ్చా అన్న దగ్గర. భూమి దగ్గర. కాల్పుల విరమణను ఎవరు ఉల్లంఘించిండ్రో తేల్చే యంత్రాంగం లేదు, ఎవరి లెక్క వాళ్లదే. 2005 జనవరికి చర్చలు అయిపోయినయి. ఆగస్టు 15న నారాయణపేటల మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని మావోయిస్టులు కాల్చి చంపిండ్రు, రెండు రోజులకు ఆ పార్టీ మీద నిషేధం తిరిగి వచ్చింది. తర్వాత కోబ్రాలు, టైగర్లు అనే పేర్లతోని పౌరహక్కుల వాళ్లను బెదిరించిండ్రు, చంపిండ్రు.

ఊరి రాజీ కాగితం రాసేటోళ్లు ఇది చూడాలె. "ఇంక జరగది" అని రాస్తరు. జరిగితే ఎవరు తేలుస్తరు అనేది రాయరు.

కోయిల్‌సాగర్
2004ను తెచ్చి ఇసుక ట్రాక్టరుకు కట్టుడు ఎక్కువైతలేదా అన్నా. అక్కడ రాజ్యం, పార్టీ. ఇక్కడ నలుగురు రౌడీలు.

నల్లమల అంచు
కలిపే తాడు ఒకటి ఉన్నది. బీజాపూర్ జర్నలిస్టు ముకేశ్ చంద్రాకర్‌ను గుర్తు చేసుకో. 2021 ఏప్రిల్‌ల మావోయిస్టుల చేతిల చిక్కిన సీఆర్‌పీఎఫ్ జవాను రాకేశ్వర్ సింగ్‌ను విడిపించుకొని వచ్చిన బృందంల ఉన్నడు. అడవిల రెండు తుపాకుల నడుమ పోయి వచ్చిండు. 2025 జనవరిల శవమై దొరికింది ఒక కాంట్రాక్టర్‌కు సంబంధించిన ఆవరణల, సెప్టిక్ ట్యాంకుల. ఆయన బయటపెట్టింది రోడ్డు పనుల అక్రమాలు.

2025 ఏప్రిల్‌ల శాంతి చర్చల కమిటీ తరఫున జస్టిస్ చంద్రకుమార్, ప్రొఫెసర్ హరగోపాల్ ముఖ్యమంత్రిని కలిసిండ్రు. మర్నాడు రేవంత్‌రెడ్డి పోయింది మళ్లీ జానారెడ్డి ఇంటికే. మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు ఎన్‌కౌంటరయిండు, అక్టోబరుల మల్లోజుల వేణుగోపాల్ లొంగిపోయిండు, నవంబరుల హిడ్మా పోయిండు. చర్చలతోని కాదు, బలంతోని ముగిసే దిక్కుకే పోయింది వ్యవహారం. అడవిల తుపాకి చప్పుడు తగ్గితే రోడ్లొస్తయి, గనులొస్తయి, టెండర్లొస్తయి. వాటి మీద రాసేది మండల విలేకరే. శాంతి వచ్చినంక విలేకరికి ముప్పు పోతదని నేననుకోను, కొట్టే చేతులు మారుతయి అంతే.

డిండివాగు
కొత్త సంగతి. అవతలోళ్లు నిన్న కౌంటర్ కేసు పెట్టిండ్రు. వార్త ఆపనీకి యాభై వేలు అడిగిండట, బలవంతపు వసూలు, 308.

మిర్యాలగూడ వకీల్
అనుకున్నదే. రెండు కేసులనూ ఒకే అధికారి దర్యాప్తు చేయాలని, ఒకే జడ్జి వినాలని కోరండి. కేసు, కౌంటర్ కేసు విడివిడిగా పోతే ఒకదాంట్లో పొరపాటు రెండోదాన్ని ముంచుతుంది. ఫిర్యాదు తేదీలు చూడండి. వసూలు అడిగాడని చెప్తున్న రోజు దాడి కంటే ముందుదైతే, అప్పుడే ఎందుకు ఫిర్యాదు చేయలేదన్న ప్రశ్న వాళ్లకే తగులుతుంది.

కాల్ రికార్డులు మీరే అడగండి. ఆయన నంబరు నుంచి వాళ్లకు కాల్ పోయిందా, వాళ్ల నుంచే వచ్చిందా అనేది సీడీఆర్‌లో (కాల్ వివరాల రికార్డులో) ఉంటుంది. టెలికాం కంపెనీ దగ్గర ఆ రికార్డు చెరిగిపోకముందే భద్రపరచమని కోర్టులో పిటిషన్ వేయవచ్చు. 308(2)లో శిక్ష ఏడేళ్ల వరకు ఉంది కాబట్టి ముందస్తు బెయిలు, బీఎన్‌ఎస్‌ఎస్ 482 కింద, ఈ వారంలోనే.

పాలమూరు డెస్క్
మా వైపు చేయాల్సింది: పేపరు నుంచి లెటర్‌హెడ్ మీద ఒక కాగితం. ఫలానా తేదీ నుంచి ఫలానా మండలానికి కంట్రిబ్యూటర్, ఇసుక వార్త డెస్క్ కేటాయించింది లేదా డెస్క్‌కు ముందే తెలిపిండు అని. లెటర్ ఇయ్యమంటే యాజమాన్యం వెనకాడ్తది, ఉద్యోగి అనే హక్కు అడుగుతడేమోనని. అప్పుడు వార్త పంపిన మెయిల్, ఎడిషన్ ఇన్‌చార్జి వాట్సాప్‌ల "వివరణ తీసుకో" అన్న మెసేజి, లైన్ అకౌంట్ బ్యాంకు జమలు చాలు. వార్తకు ముందు అవతలోళ్ల వివరణ అడిగిన కాల్ ఏదైనా ఉంటే అది బంగారం. వసూలుకు ఫోన్ చేసిండు అనే మాటకు జవాబు అదే కాల్.

సొంత కథనం మాత్రం ఇప్పుడు అసలే వద్దు. కౌంటర్ కేసుల బెయిలు వచ్చేదాక ఒక్క అక్షరం పెట్టొద్దని చెప్పు. రాసి పెట్టుకొమ్మను, తేదీ వేసి.

మూసీగట్టు
కౌంటర్ కేసు పెట్టినంక రాజీ మాట నేను కూడా అనలేను. పెద్దమనుషులను మాత్రం దూరం చేసుకోకుండ్రి. "పైసలడిగిండని ఊళ్లె ముందెప్పుడన్న విన్నరా" అని పోలీసోళ్లు అడగాల్సింది వాళ్లనే.

డిండివాగు
ఒక్కటి ఆఖరికి. పెట్రోల్ బంకు ఫుటేజి దొరికింది, బైకు కనబడుతుంది. పార్ట్ బీ నిపుణుడు అంటే ఎవరు? బంకు కెమెరాలు బిగించిన పిలగాడు సంతకం పెడ్తనంటుండు.

మిర్యాలగూడ వకీల్
ఆ అబ్బాయి సంతకంతో సరిపెట్టొద్దు. పెన్‌డ్రైవ్‌ను పంచనామా కింద పోలీసులకు అప్పగించండి, వాళ్లు ఫోరెన్సిక్ ల్యాబుకు పంపి తెప్పిస్తారు. పార్ట్ ఏ బంకు మేనేజరు దగ్గర రేపే తీసుకోండి, మేనేజరు బదిలీ అయితే మళ్లీ తిరగాలి. డీవీఆర్ గడియారం ఫొటో తీశారా?

డిండివాగు
తీసినం. పదకొండు నిమిషాలు వెనకున్నది.